ఉతికాక స్వెటర్ అయిదు అంగుళాలు సాగింది, దారి చెప్పండి

రెండుసూదులు:

అందరికీ నమస్తే. నాలుగు నెలలు కూర్చుని మా వారికి స్వెటర్ అల్లాను. సూదుల మీంచి దింపగానే కొలిస్తే పొడవు 26 అంగుళాలు, ఛాతీ చుట్టు 42. తొడుక్కుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకున్నారు కూడా. సరే, ఒకసారి ఉతికి ఇద్దామని బకెట్లో గోరువెచ్చటి నీళ్లు పోసి, రెండు చుక్కలు షాంపూ వేసి నానబెట్టాను. రుద్దలేదు, మెలిపెట్టి పిండలేదు. రెండు భుజాలూ పట్టుకుని పైకి తీసి అలాగే దండెం మీద వేశాను.

సాయంత్రానికి పొడవు 31 అంగుళాలు! చేతులు వేళ్లు దాటి కిందికి వేలాడుతున్నాయి. "ఇందులో ఇంకొకరికి చోటుంది, అద్దెకిద్దామా" అన్నారు మా వారు. నవ్వైతే నవ్వాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఊలు చుట్ట మీద "100 శాతం మెరినో, సూపర్‌వాష్, మెషిన్‌లో ఉతకవచ్చు" అని ఉంది. మెషిన్‌నే తట్టుకునే ఊలు నా చేతి ఉతుక్కి ఎందుకిలా అయింది?

ఇంకొకటి. ఆకుల డిజైన్‌తో ఒక శాలువా కూడా అల్లి పెట్టుకున్నాను. నలిపి పారేసిన కాగితంలా ఉంది, ఆకులు ఒక్కటీ కనబడవు. అక్రిలిక్ అనుకుంటాను, చుట్ట మీది కాగితం ఎప్పుడో పోయింది. బ్లాకింగ్ (అల్లికని తడిపి గానీ ఆవిరి పట్టి గానీ, సాగదీసి పరిచి ఆకారం నిలపడం) చేస్తే విచ్చుకుంటాయంటారు కదా, ఇస్త్రీ పెట్టొచ్చా? దీన్ని కూడా పాడు చేసుకుంటానేమోనని చేయి రావడం లేదు.

ఊలుఉండ:

అయ్యో! మరిగే నీళ్లలో వేసి గట్టిగా రుద్దండి, ముడుచుకుపోతుంది. మా ఇంట్లో ఒక స్వెటర్ మెషిన్‌లో వేస్తేనే సగానికి సగమైంది.

పాతఅల్లికలు:

ఊలుఉండ గారూ, ఆగండి ఆగండి. మీ స్వెటర్ మామూలు ఉన్ని అయ్యుంటుంది. ఇది ఆ జాతి కాదు.

అమ్మా రెండుసూదులూ, ముందు కాస్త మంచినీళ్లు తాగు. స్వెటర్ పోలేదు.

ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి, కంటికి కనబడవు. వేడి, సబ్బు, రాపిడి మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని, బట్ట గట్టిపడి ముడుచుకుపోతుంది. ఒకసారి అలా అయ్యాక మళ్లీ వెనక్కి రాదు. సూపర్‌వాష్ అంటే ఆ పొలుసుల్ని రసాయనాలతో అరగదీసి, పైన పల్చటి ప్లాస్టిక్‌లాంటి పూత వేసిన ఊలు. అందుకే మెషిన్‌లో వేసినా గడ్డకట్టదు. కానీ పట్టుకునే పొలుసులే లేనప్పుడు కుట్లు ఒకదాని మీద ఒకటి జారతాయి. తడిస్తే మరీ. దానికి తోడు నువ్వు దండెం మీద వేశావు. ఉన్ని పీల్చుకున్న నీళ్ల బరువంతా భుజాల దగ్గరి కుట్ల మీద పడింది. అంత బరువు మోస్తే సాగక ఏం చేస్తాయి?

ఇప్పుడు చేయాల్సింది ఇది. మళ్లీ గోరువెచ్చటి నీళ్లలో పావుగంట నానబెట్టు. తీసేటప్పుడు రెండు చేతులూ కిందికి పోనిచ్చి, పసిపిల్లని ఎత్తినట్టు మొత్తం ముద్దగా ఎత్తు. ఒక మూల కూడా వేలాడకూడదు. అరచేతుల మధ్య నొక్కి నీళ్లు వదిలించి, పెద్ద తువ్వాలు మీద పరిచి, తువ్వాలుతో సహా చాపలా చుట్టేసి, దాని మీద మోకాళ్లతో కూర్చో. నేనైతే ఎక్కి తొక్కుతాను. తువ్వాలు మార్చి ఇంకోసారి.

మీ ఇంట్లో డ్రయర్ ఉందా? నేనంటున్నది గిర్రున తిప్పి నీళ్లు పిండేది కాదు, వేడిగాలితో ఆరబెట్టేది. ఉంటే సూపర్‌వాష్‌కి అదే మందు. తక్కువ వేడి మీద పెట్టి, అయిదేసి నిమిషాలకోసారి తీసి కొలుచుకో. కొంచెం తడి ఉండగానే బయటికి తీసి బల్ల మీద పరిచి ఆరబెట్టు. లేకపోతే బల్ల మీదే అరచేతులతో కిందినుంచి పైకి, పక్కలనుంచి లోపలికి కుట్లని నెట్టుకుంటూ 26 అంగుళాలకి తెచ్చి కదలకుండా వదిలెయ్యి. టేపు పక్కనే పెట్టుకో, కంటి కొలత నమ్మకు. అంచుల దగ్గరి రిబ్‌ని (సాగి మళ్లీ ముడుచుకునే గీతల పట్టీని) మాత్రం సాగదీయకు, పిన్నులు గుచ్చకు. దాని స్ప్రింగు పోయిందంటే నడుం దగ్గర గంటలా వేలాడుతుంది.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. కుట్ల లెక్క చూసుకోడానికి ముందుగా నమూనా ముక్క అల్లావు సరే, దాన్ని ఉతికావా?

రెండుసూదులు:

ఉతకలేదండీ. నాలుగు అంగుళాలకి 22 కుట్లు వచ్చాయి, అదే లెక్కతో మొదలుపెట్టేశాను.

పాతఅల్లికలు:

అక్కడే పడింది దెబ్బ. 42 అంగుళాల చుట్టుకి 231 కుట్లు వేసుంటావు. ఉతికాక నాలుగు అంగుళాలకి 20 కుట్లే పడుతున్నాయనుకో, అవే 231 కుట్లు 46 అంగుళాలు దాటతాయి. రెండు కుట్ల తేడా అంతే, ఒక సైజు మారిపోయింది. ఆ ముక్క ఇంకా ఉంటే ఉతికి కొలిచి చూడు.

ఇక శాలువా. ఇస్త్రీ పెట్టె దానికి తగలనివ్వకు. నేను తగలనిచ్చాను. మా చెల్లెలి కోసం అల్లిన లేత పసుపు శాలువా. పైన గుడ్డ వేసే చేశాను, అయినా ఒక్క నొక్కు చాలింది. పెట్టె ఎత్తేసరికి పెట్టె ఆకారంలోనే ఒక మచ్చ, అక్కడ ఊలు చచ్చి నిగనిగలాడుతోంది. ముట్టుకుంటే తడి టిష్యూలా జావగా ఉంది. మిగతా శాలువా ఊలులాగే ఉంది. మా చెల్లెలు మంచిది, ఆ ముక్క లోపలికి పోయేట్టు మడిచి కప్పుకుంటుంది.

అక్రిలిక్ ప్లాస్టిక్ కుటుంబం. వట్టి నీళ్లతో తడిపి పరిస్తే పెద్దగా మాట వినదు. వేడికి మాత్రం ఎలా పెడితే అలా ఉండిపోతుంది, వెనక్కి రాదు. కాబట్టి పిన్నులతో కావలసినంత సాగదీసి పెట్టి, ఆవిరి ఇస్త్రీని రెండు అంగుళాల పైన గాల్లోనే పట్టుకుని ఆవిరి మాత్రం తగలనివ్వు. పూర్తిగా చల్లారేదాకా ఒక్క పిన్ను తీయకు. ముందు ఒక మూల చేసి చూసుకో.

అయితే అది నిజంగా అక్రిలికేనా అన్నది ముందు తేలాలి.

నిట్టుపర్లు:

తేల్చుకోవడం తేలికే. అరచేయంత పొడవు పోగు కత్తిరించి పట్టకారుతో పట్టుకుని, నీళ్ల గిన్నె పైన వెలిగించండి. ఉన్ని అయితే కాలిన వెంట్రుకల వాసన వస్తుంది, మంట తీస్తే తనే ఆరిపోతుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. అక్రిలిక్ అయితే కరుగుతూ మండి, చల్లారాక నల్లటి గట్టి పూసలా మిగులుతుంది. వేడిగా ఉండగా దాన్ని ముట్టుకోకండి, చర్మానికి అంటుకుంటుంది. రెండూ కలిపిన ఊలైతే రెండు లక్షణాలూ కనబడి తికమక పెడుతుంది. అప్పుడు అక్రిలిక్ కిందే లెక్క వేసుకోండి.

పిన్నుల సంగతి ఎవరూ చెప్పలేదు. తుప్పు పట్టనివే వాడండి. ఒకసారి మామూలు గుండుసూదులు గుచ్చి రాత్రంతా వదిలేశాను. పొద్దున తెల్లటి అంచు పొడుగునా గోధుమరంగు చుక్కలు, కొలిచి పెట్టినట్టు సమాన దూరంలో! నిటారు అంచుకి పిన్నుల కంటే నున్నటి నూలు దారం మేలు. చివరి కుట్లలోంచి దూర్చి రెండు చివర్లా బిగించి కడితే అంచు వంకర పోదు. కింద పరచడానికి పిల్లలు ఆడుకునే ఫోమ్ చాపలు బాగా పనికొస్తాయి.

ఊలుఉండ:

మరిగే నీళ్లన్నందుకు క్షమించండి. మా స్వెటర్ ఎందుకు సగమైందో కూడా ఇప్పుడే తెలిసింది. ఇన్నాళ్లూ మెషిన్‌ని తిట్టాను. మాది మెషిన్‌లో వేసింది బట్టల పొడితో. అది కూడా తప్పేనా?

పాతఅల్లికలు:

తప్పే. మరకలు తీసే ఎంజైములు చాలా పొడుల్లో ఉంటాయి. అవి మాంసకృత్తుల్ని తినేవి, ఉన్ని కూడా మాంసకృత్తే. పట్టు కూడా అంతే. వీటికి ఉన్ని కోసం చేసిన ద్రవం గానీ తేలికపాటి షాంపూ గానీ చాలు. నానేటప్పటి నీళ్లూ జాడించే నీళ్లూ ఒకే వేడిలో ఉండాలి. ఒకటి వేడి, ఒకటి చల్లన అయితే అదే మొదటి మెట్టు ముడుచుకుపోవడానికి.

రెండుసూదులు:

నాలుగు రోజుల తర్వాత వచ్చాను. నమూనా ముక్క సూదుల సంచీ అడుగున దొరికింది. ఉతికి పరిస్తే 22 కుట్లు కాస్తా 20న్నర అయ్యాయి. మూడు గంటల పని బద్ధకించి నాలుగు నెలల పనిని బకెట్లో ముంచానన్నమాట.

డ్రయర్ పక్కింటి వాళ్లది అరువు తీసుకున్నాను. మొదటి అయిదు నిమిషాలకి 30, తర్వాత 29, నాలుగో విడతకి 27న్నర. అక్కడితో ఆపి బల్ల మీద పరిచాను. ఛాతీ 44 దగ్గర ఆగింది. చేతులు ఒక మడత పెడితే సరిపోయాయి. మా వారు అద్దె మాట ఎత్తడం మానేశారు.

శాలువా పోగు నల్ల పూసే అయింది. ఆకు కొనకొక పిన్ను చొప్పున 64 గుచ్చాను, వంగి వంగి నడుం పట్టేసింది. ఆవిరి పట్టడం మొదలుపెట్టిన మూల నుంచి ఆకులు ఒక్కొక్కటే తెరుచుకుంటూ వచ్చాయి, మధ్య ఈనె కూడా కనబడింది. మూడో వరుసలో ఒక ఆకు మాత్రం తలకిందులుగా ఉంది. అల్లేటప్పుడు తప్పిన కుట్టు, ముడతల్లో ఇన్నాళ్లూ దాక్కుంది. దాన్ని విప్పకుండా సరిచేసే దారి ఉందా?

పాతఅల్లికలు:

ఉంది. ఆ ఆకు భుజం వెనక్కి వచ్చేట్టు కప్పుకో.