పాత డెస్క్‌టాప్‌లో టోర్ బ్రౌజర్ వేశాను, కనెక్ట్ దగ్గరే ఆగిపోతోంది

పెరటి జామచెట్టు
అందరికీ నమస్కారం. మా ఇంట్లో అందరికీ కలిపి ఒకటే కంప్యూటర్. పాత డెస్క్‌టాప్, విండోస్ 10. ఇంట్లో ఒకరి జబ్బు గురించి ఈ మధ్య నెట్‌లో కాస్త చదవాల్సి వచ్చింది. చదివింది నేనైతే ఆ మందుల ప్రకటనలు మా అత్తగారి ఫోన్‌లో వస్తున్నాయి. జబ్బు సంగతి ఆవిడకి ఇంకా చెప్పలేదు, అదీ టెన్షన్. మనమెవరో సైట్లకి తెలియనివ్వని టోర్ బ్రౌజర్ వాడు వదినా, ఈ గొడవ ఉండదు అన్నాడు మా మరిది. ఇన్‌స్టాల్ అయితే అయింది కానీ కనెక్ట్ నొక్కితే గీత కొంత దూరం వెళ్లి నిలబడిపోతోంది. యాంటీవైరస్ ఆపి చూశాను, రౌటర్ ఆపి మళ్లీ వేశాను. నెట్ కంపెనీ వాళ్లే ఆపేశారంటారా? అసలు ఇంట్లో ఇది వాడొచ్చా?

లైనక్స్ లచ్చన్న
నెట్ కంపెనీని అనేముందు స్క్రీన్ కింద కుడివైపు గడియారం చూడండి. తేదీ, టైము, టైమ్ జోన్ మూడూ. టోర్ ముందుగా రిలేల (మన కనెక్షన్‌ని ఒకదాన్నుంచి ఒకదానికి దాటించే సర్వర్లు) జాబితా తెచ్చుకుంటుంది, ఆ జాబితాకి గంటల్లోనే గడువు తీరిపోతుంది. మీ సిస్టమ్ టైము తప్పుగా ఉంటే అది చెల్లని జాబితా అనుకుని అక్కడే ఆగిపోతుంది. సెట్టింగ్స్‌లో కనెక్షన్ పేజీ అడుగున టోర్ లాగ్ ఉంటుంది. అందులో ‘క్లాక్’ అన్న మాట కనిపిస్తే జబ్బు అదే. క్రోమ్‌లో కూడా ఎప్పుడైనా మీ గడియారం వెనకబడి ఉందని వస్తోందా?

పెరటి జామచెట్టు
వస్తోందండీ! పొద్దున్న ఆన్ చేయగానే వస్తుంది, కాసేపటికి దానంతటదే పోతుంది. ఇప్పుడు చూస్తే తేదీ 2015 జనవరి 1 అని ఉంది. లాగ్‌లో క్లాక్ అనే ఉంది.

రిపేరు రంగడు
మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032. అది అయిపోయింది. అందుకే ప్లగ్ పీకినా, కరెంటు పోయినా తేదీ మొదటికొస్తోంది. వాచీలు బాగుచేసే కొట్లో కూడా దొరుకుతుంది. ప్లగ్ తీసేసి, కేబినెట్ పక్క మూత విప్పి, బ్యాటరీ పక్కనున్న చిన్న క్లిప్పు గోటితో నొక్కితే పైకి లేస్తుంది. అక్షరాలున్న వైపు పైకి వచ్చేలా కొత్తది పెట్టండి. టైమ్ జోన్‌లో హైదరాబాద్, విజయవాడ కోసం వెతక్కండి, ‘చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ’ అని ఉన్నదే మనది. దీనికి సర్వీసు చార్జీ అని ఎవరైనా వందలు అడిగితే ఇవ్వకండి అక్కా.

గవాక్షం
అమ్మా, ముందు ఇది చెప్పండి. ఎక్కడినుంచి దించుకున్నారు? టోర్ ప్రాజెక్ట్ సొంత సైటు నుంచా, సెర్చ్‌లో ముందు కనిపించిన లింకు నుంచా? యూట్యూబ్ వీడియో కింద ఇచ్చిన లింకుతో దించుకుని చైనాలో కొందరు దెబ్బతిన్నారు. 2022లో క్యాస్పర్‌స్కీ అనే యాంటీవైరస్ కంపెనీ వాళ్లు బయటపెట్టారు. చూడటానికి అచ్చం టోర్ బ్రౌజరే, లోపల మాత్రం వాడేవాళ్ల బ్రౌజింగ్ హిస్టరీ సేకరించే గూఢచారి.

సైటులో ఇన్‌స్టాలర్ పక్కనే సిగ్నేచర్ ఫైలు, అంటే అది అసలు వాళ్లు చేసిందేనని చెప్పే డిజిటల్ సంతకం కూడా ఉంటుంది. విండోస్‌లో క్లియోపాత్రా అనే ఉచిత ప్రోగ్రామ్‌తో రెండూ కలిపి సరిచూడొచ్చు. ఆ సంతకం పెట్టే టోర్ బ్రౌజర్ డెవలపర్స్ డిజిటల్ తాళంచెవికి వేలిముద్ర అనే పొడవాటి గుర్తింపు సంఖ్య ఉంటుంది, అందులో చివరి ఎనిమిది అంకెలు 9329 8290. అయితే చివరి అంకెలు కలిస్తే చాలదు, మొత్తం వేలిముద్రని సైటులో ఉన్నదానితో పోల్చండి. ఎక్కువమంది ఈ పని చేయరు. నేను మాత్రం చేయకుండా ఏ సిస్టమ్‌లోనూ వేయను.

పక్కింటి పిన్ని కొడుకు
ప్రకటనల కోసం టోరా! పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. ఒకే వైఫై, బహుశా ఒకే గూగుల్ అకౌంటు అందరి ఫోన్లలో ఉండి ఉంటుంది. ముందు అత్తగారి ఫోన్‌లోంచి మీ అకౌంటు తీసేయండి, సెట్టింగ్స్‌లో అడ్వర్టైజింగ్ ఐడీ డిలీట్ చేయండి. కంప్యూటర్‌లో ఫైర్‌ఫాక్స్, దానికి ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్. తొంభై పాళ్లు అక్కడితో సరి.

లైనక్స్ లచ్చన్న
తమ్ముడు చెప్పిన అకౌంటు పని ఎలాగూ చేయాల్సిందే. కానీ యూబ్లాక్ పెట్టినంత మాత్రాన మీరు ఏ సైటుకి వెళ్లారో నెట్ కంపెనీకి తెలియకుండా పోదు, ఇంటి ఐపీ అడ్రసు ఆ సైటుకి తెలియకుండా పోదు. టోర్‌లో మన కనెక్షన్ మూడు రిలేల మీదుగా వెళ్తుంది. మొదటి దానికి మీరెవరో తెలుసు, ఎక్కడికి వెళ్తున్నారో తెలియదు. చివరి దానికి వెళ్లే చోటు తెలుసు, మీరెవరో తెలియదు. పైగా మూసేయగానే హిస్టరీ, కుకీలు పోతాయి. అందరూ వాడే కంప్యూటర్ కాబట్టి ఆవిడకి అదే ముఖ్యమేమో.

పెరటి జామచెట్టు
బ్యాటరీ మార్చాం, కనెక్ట్ అయింది! అందరికీ థాంక్సండీ. దించుకున్నది అసలు సైటు నుంచే. క్లియోపాత్రా మా మరిదికి అప్పజెప్పాను.

ఇప్పుడు కొత్త అనుమానాలు. విండో పెద్దది చేస్తే చుట్టూ బూడిదరంగు పట్టీలు వస్తున్నాయి. ఒక సైటు మొత్తం జర్మన్ భాషలో వచ్చింది. నాకు నచ్చిన తెలుగు ఫాంటు సిస్టమ్‌లో వేసుకున్నాను, ఇందులో అది రావడం లేదు. పాడైందా?

గవాక్షం
ఏదీ పాడవలేదు. స్క్రీన్ కొలతను బట్టి కూడా మనిషిని ఆనవాలు పడతారు, అందుకే పేజీని అందరికీ ఉండే కొలతల్లోకి సర్ది మిగతా జాగా ఖాళీగా వదులుతుంది. ఫాంటు కథా అంతే. మీ సిస్టమ్‌లో ఏయే ఫాంట్లున్నాయో సైట్లకి కనపడనివ్వదు. అరుదైన తెలుగు ఫాంటు ఉందంటే అదే ఒక పుట్టుమచ్చ కదా. ఇదే కారణంతో యూబ్లాక్ లాంటి ఎక్స్‌టెన్షన్లు ఇందులో వేయకండి, వేస్తే మీరు నలుగురిలో కలవరు.

జర్మన్ ఎందుకంటే ఆ సైటుకి మీరు జర్మనీలో ఉన్నట్టు కనిపించారు. అడ్రస్ బార్ ఎడమ పక్క గుర్తు నొక్కితే ఏయే దేశాల మీదుగా వెళ్తున్నారో కనిపిస్తుంది. అక్కడే ఆ సైటుకి కొత్త సర్క్యూట్, అంటే వేరే రిలేల దారి, అడగొచ్చు.

గోదారి గట్టు
మధ్యలో దూరుతున్నాను. మా నాన్నగారి కంప్యూటర్ విండోస్ 7. అందులో ఎక్కుతుందా?

లైనక్స్ లచ్చన్న
విండోస్ 7, 8లకి 13.5 రకమే ఆఖరు. 14 నుంచి విండోస్ 10 ఉండాల్సిందే. పాత దానికి లైనక్స్ వేసేయండి, పెద్దాయనకి అలవాటవుతుంది.

భయస్థుడు
పోలీసులు వస్తారని మా ఆఫీసులో ఒకాయన అన్నాడు. మన ఇంటి నెట్ మీదుగా ఎవరెవరో ఏమేమో చేస్తారట. నిజమేనా?

గవాక్షం
టోర్ బ్రౌజర్ వాడకూడదని మన దేశంలో చట్టం లేదు. మామూలుగా చేస్తే నేరమయ్యేది టోర్‌లో చేసినా నేరమే. ఇక బ్రౌజర్ వాడినంత మాత్రాన మీ ఇల్లు రిలే కాదు. రిలే నడపడం వేరే పని, కావాలని పెట్టుకోవాలి. చివరి రిలే, అంటే ఎగ్జిట్, ఇంటి నెట్ మీద నడపొద్దని టోర్ ప్రాజెక్టే చెబుతుంది. మీ ఆఫీసాయన విన్నది దాని గురించే అయి ఉంటుంది.

అయితే మీరు టోర్ వాడుతున్నారన్న సంగతి నెట్ కంపెనీకి తెలుస్తుంది, ఏం చూశారో తెలియదు. 2013 డిసెంబరులో హార్వర్డ్‌లో ఒక కుర్రాడు పరీక్ష తప్పించుకోవడానికి టోర్‌లో బాంబు బెదిరింపు మెయిల్ పంపాడు. టోర్‌ని ఎవరూ ఛేదించలేదు. ఆ సమయంలో క్యాంపస్ వైఫై మీద టోర్ ఎవరు వాడారో చూసి పట్టుకున్నారు.

పక్కింటి పిన్ని కొడుకు
ముందు వీపీఎన్ (మన నెట్ అంతా వేరే కంపెనీ సర్వర్ మీదుగా పంపేది), దాని మీద టోర్ వేస్తే నెట్ కంపెనీకి అదీ తెలియదుగా?

లైనక్స్ లచ్చన్న
అప్పుడు నెట్ కంపెనీకి బదులు వీపీఎన్ కంపెనీకి తెలుస్తుంది. వినియోగదారుల పేర్లు, ఐపీలు ఐదేళ్లు దాచాలని 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశమిచ్చింది. అది నచ్చక ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్ వీపీఎన్ మన దేశంలో సర్వర్లు ఎత్తేశాయి. ఏం చేస్తున్నారో బాగా తెలిసినవాళ్లకి తప్ప ఈ రెండూ కలపమని టోర్ వాళ్లు కూడా చెప్పరు. టోర్ వాడుతున్నట్టు కనిపించకూడదంటే అందులోనే బ్రిడ్జిలు, అంటే బయటి జాబితాలో లేని రిలేలున్నాయి. కనెక్షన్ పేజీలో స్నోఫ్లేక్ గానీ ఓబీఎఫ్ఎస్4 గానీ ఎంచుకుంటే చాలు.

వికీ వీరయ్య
తెలుగు వికీపీడియాలో రాసేవాళ్లు ఎవరైనా ఉంటే, టోర్‌లో చదవడం వరకే. మార్పులు చేయనివ్వదు, ఎగ్జిట్ ఐపీలన్నీ నిరోధంలో ఉంటాయి. అల్లరి మార్పులు చేసేవాళ్ల వల్ల వచ్చిన తిప్పలు. బ్యాంకు జోలికైతే అసలు వెళ్లకండి. మా బంధువు ఒకాయన చూద్దామని లాగిన్ అయితే విదేశం నుంచి ఎవరో దూరారని ఖాతా బిగించేశారు. తెరిపించుకోవడానికి ఆధార్ పట్టుకుని బ్రాంచికి తిరిగాడు.

గవాక్షం
లాగిన్ అయ్యాక మీరెవరో ఆ సైటుకి మీరే చెప్పినట్టు. ఇంకొకటి, ఎగ్జిట్ నడిపేవాడు మంచివాడే అన్న గ్యారంటీ లేదు. 2007లో డాన్ ఎగర్‌స్టాడ్ అనే స్వీడన్ ఆయన ఎగ్జిట్లు నడిపి, గుప్తీకరణ లేకుండా వెళ్తున్న రాయబార కార్యాలయాల మెయిల్ పాస్‌వర్డ్‌లు పట్టాడు. అందులో మన దేశానివీ ఉన్నాయి. ఇప్పుడు టోర్ బ్రౌజర్ హెచ్‌టీటీపీఎస్ (సైటుతో సాగే గుప్తీకరణ) లేని సైటుకి ముందే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక దాటుకుని వెళ్లకండి.

పెరటి జామచెట్టు
ఆఖరి ప్రశ్న. జబ్బు గురించి ఒక పీడీఎఫ్ దించాను. బ్రౌజర్ మూసేస్తే అదీ పోతుందా?

గవాక్షం
పోదు. డౌన్‌లోడ్స్‌లోనే ఉంటుంది, మీరే తీసేయాలి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా. బయటి ప్రోగ్రామ్‌లో తెరిస్తే అది టోర్‌ని దాటేసి నేరుగా నెట్‌కి వెళ్లొచ్చు, అందుకని టోర్ బ్రౌజర్‌లోనే తెరిచి చదవండి. డెస్క్‌టాప్ మీద ‘టోర్ బ్రౌజర్’ ఫోల్డరు అత్తగారి కంట పడకూడదంటే దాన్ని మొత్తంగా పెన్‌డ్రైవ్‌లోకి మార్చుకోండి, అక్కడినుంచే నడుస్తుంది.

పెరటి జామచెట్టు
పెన్‌డ్రైవ్‌లో వేశాను, నడుస్తోంది. ఫోన్‌లోంచి అకౌంటు కూడా తీసేశాం. ఆవిడ యూట్యూబ్‌లో భక్తి పాటల లిస్టు మాత్రం దాంతోపాటే పోయింది, ఇప్పుడది మళ్లీ చేసిపెట్టాలి.