11వ సవరణలో లేని మాట హాన్స్ కేసులోకి ఎలా వచ్చింది?

ప్రశ్న (ఎల్‌ఎల్‌ఎం అమ్మాయి):
అందరికీ నమస్తే. అమెరికాలో ఎల్‌ఎల్‌ఎం మొదటి సెమిస్టర్ చదువుతున్నాను, గురువారం క్లాసులో ఈ టాపిక్ మీద నన్నే అడుగుతారు, టెన్షన్‌గా ఉంది. అమెరికా రాజ్యాంగం 11వ సవరణ ఎన్నిసార్లు చదివినా, వేరే రాష్ట్ర పౌరులు గానీ విదేశీయులు గానీ ఒక రాష్ట్రం మీద వేసే దావాలు ఫెడరల్ (కేంద్ర) కోర్టుల పరిధిలోకి రావు అనే ఉంది. సొంత రాష్ట్ర పౌరుడి ఊసే లేదు. మరి 1890లో లూసియానా పౌరుడైన హాన్స్, లూసియానా మీదే వేసిన దావాను సుప్రీంకోర్టు ఎలా కొట్టేసింది?

పాతతీర్పులు:
సవరణ దగ్గర మొదలుపెడితే తెగదండి, 1793 చిజమ్ కేసు నుంచి రావాలి. ఫార్కర్ అనే సౌత్ కరోలినా వ్యాపారి స్వాతంత్ర్య యుద్ధ సమయంలో, 1777లో, జార్జియాకి సరుకు ఇచ్చాడు. డబ్బు చేతికి రాకుండానే చనిపోయాడు. ఆయన ఎగ్జిక్యూటర్ (వీలునామా అమలు చేసేవాడు) చిజమ్ సుప్రీంకోర్టుకి వెళ్తే, మా మీద దావా వేసే హక్కే ఎవరికీ లేదని జార్జియా వాదనకు కూడా రాలేదు. నలుగురు జడ్జీలు చిజమ్ వైపు, జస్టిస్ ఐర్‌డెల్ ఒక్కడే ఎదురు. ఫెడరల్ కోర్టుల అధికారం గురించి చెప్పే రాజ్యాంగం ఆర్టికల్ 3లో "రాష్ట్రానికీ, వేరే రాష్ట్ర పౌరులకూ మధ్య" వివాదాలు అని సూటిగా ఉంది కాబట్టి నాకైతే ఆ నలుగురిదే సరైన తీర్పు అనిపిస్తుంది. కానీ 1788లో రాజ్యాంగాన్ని ఆమోదించమని జనాన్ని ఒప్పించేటప్పుడు దాన్ని సమర్థించిన నాయకులు మాడిసన్, మార్షల్, హామిల్టన్ ముగ్గురూ రాష్ట్రాన్ని దాని ఇష్టం లేకుండా కోర్టుకి ఈడ్చరనే చెప్పారు. అప్పటికి యుద్ధం అప్పులు నెత్తి మీదున్న రాష్ట్రాలు ఈ తీర్పుతో హడలిపోయాయి. దాన్ని అమలు చేయబోయినవాణ్ణి ఉరి తీయాలని జార్జియా దిగువ సభ బిల్లే పాస్ చేసింది! (చట్టం కాలేదు లెండి.) ఆ తీర్పును తిప్పికొట్టడానికే 1794లో ఈ 11వ సవరణ సెనేట్‌లో 23-2, దిగువ సభలో 81-9 తో నెగ్గింది, 1795 ఫిబ్రవరికల్లా చాలినన్ని రాష్ట్రాలు ఆమోదించాయి. హాన్స్ కేసులో కోర్టు అన్నదల్లా, ఇష్టం లేకుండా రాష్ట్రం మీద దావా వేయకూడదనే ఈ రక్షణ సవరణతో పుట్టలేదు, మొదటి నుంచీ ఉంది, చిజమ్ తీర్పే తప్పు అని.

బాండు_కాగితం:
పైన చరిత్ర బాగా చెప్పారు గానీ హాన్స్ విషయంలో నేను ఒప్పుకోను. మొదటి నుంచీ అందరి మీదా రక్షణ ఉందనుకుంటే, సవరణ రాసినవాళ్లు "ఎవరు వేసినా" అని ఒక్క ముక్క రాసేవాళ్లు కదా? వాళ్లు కొట్టేసింది ఆర్టికల్ 3లో చిజమ్ వాడుకున్న ఆ ఒక్క వాక్యాన్నే. ఫెడరల్ చట్టం కిందికి వచ్చే కేసులన్నీ కింది ఫెడరల్ కోర్టుల్లో వేసుకునే వీలు స్థిరంగా వచ్చిందే 1875లో, అందుకే 1794లో సొంత పౌరుడి సంగతి ఎవరి బుర్రలోనూ లేదు. హాన్స్ దగ్గరున్నవి లూసియానా 1874 బాండ్లు. 1879లో కొత్త రాష్ట్ర రాజ్యాంగం పెట్టుకుని వడ్డీ ఎగ్గొట్టారు, ఇది ఒప్పందాలను చెడగొట్టకూడదన్న ఫెడరల్ రాజ్యాంగ నియమానికి విరుద్ధం అని ఆయన వాదన. ఆ వాదనకు జవాబే రాలేదు, నాకు బాధ కలిగించేది అదే. ఇంకొకటి, జస్టిస్ హార్లన్ ఫలితంతో ఏకీభవిస్తూనే చిజమ్ తీర్పు సరైనదేనని విడిగా రాశారు. క్లాసులో ఇది చెప్పండి.

ఎల్‌ఎల్‌ఎం అమ్మాయి:
ఇద్దరికీ చాలా థాంక్సండి, 1875 సంగతి నాకు తట్టనే లేదు. అయితే సొంత రాష్ట్రం మీద ఇక దారే లేదా?

పాతతీర్పులు:
ఉంది. 1908 యంగ్ కేసు చూడండి. రాష్ట్రాన్ని కాకుండా, రాజ్యాంగ విరుద్ధమైన చట్టాన్ని అమలు చేసే అధికారిని ప్రతివాదిగా చేసి, ఆ అమలును ఆపించొచ్చు. అది ఇక ముందు జరగబోయేదానికే, పాత బాకీ ఖజానా నుంచి రాబట్టడం కుదరదని 1974లో ఎడెల్‌మన్ కేసులో తేల్చారు. మన దగ్గర, ప్రభుత్వం మీద దావాల గురించి చెప్పే భారత రాజ్యాంగం ఆర్టికల్ 300 కింద దారి వేరు. 1994లో నాగేంద్రరావు కేసులో, ఆంధ్రప్రదేశ్ అధికారులు పట్టుకున్న ఎరువుల స్టాకు పాడైతే ప్రభుత్వం నష్టపరిహారం కట్టాల్సిందేనని మన సుప్రీంకోర్టు చెప్పింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి, గురువారం ఎలా జరిగిందో ఇక్కడ రాయండి.