‘ప్రత్యక్ష పెట్టుబడి’లో ప్రత్యక్షం ఏమిటి?

మాస్టారూ, ఒక మాట దగ్గర ఆగిపోయాను. 1989లో కమ్యూనిస్టు పాలన కూలిన తరవాత చెక్, పోలండ్, హంగరీ పరిశ్రమలు ఎలా మారాయో డిగ్రీ పిల్లల కోసం పాఠం తెలుగు చేస్తున్నాను. పేపర్లన్నీ ‘విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి’ అనే రాస్తాయి. గాజువాకలో మా పక్కింటి ఇంటర్ అబ్బాయికి చదివి వినిపిస్తే, "ప్రత్యక్షం అంటే డబ్బు కళ్ళముందు పెట్టడమా అక్కా?" అన్నాడు. మాట ఉంచాలా, మార్చాలా?

— వాడి తప్పేం లేదమ్మా. కంటికి ఎదురుగా ఉన్నదే ప్రత్యక్షం. ఆ మాట వింటే మనకు దేవుడే గుర్తొస్తాడు. అర్థశాస్త్రంలో మాత్రం చూడాల్సింది కన్ను కాదు, చెయ్యి. నాలుగు షేర్లు కొని, ధర పెరిగాక అమ్ముకునేవాడికి కంపెనీ ఎలా నడిచినా ఒకటే. ప్రత్యక్ష పెట్టుబడిదారుకు అజమాయిషీ కావాలి. ఓటు హక్కులో కనీసం 10 శాతం ఉంటే ప్రత్యక్షం కింద లెక్కేయడం అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) పద్ధతి. చెక్ కార్ల కంపెనీ స్కోడానే తీసుకో. 1991లో జర్మనీ కంపెనీ ఫోక్స్‌వ్యాగన్ అందులో వాటా కొంది, 2000 నాటికి మొత్తం తనదైంది. ఫ్యాక్టరీ పాత చెక్ ఊరు మ్లాదా బోలెస్లావ్‌లోనే ఉంది, పేరూ అదే, పగ్గాలు మాత్రం చేతులు మారాయి.

— నేను ఆటోనగర్‌లో లేత్ షాపు నడుపుతానమ్మా. పెట్టుబడి ఎవరిదైనా, విడిభాగాల ఆర్డరు ఎవరికిస్తారన్నదే మా బతుకు. బోల్టు కూడా బయటినుంచే తెప్పించుకుంటే ఇక్కడ ఒరిగేదేం లేదు. మాకిస్తే డ్రాయింగ్ వస్తుంది, గేజి పెట్టి కొలుస్తారు, రెండుసార్లు తిప్పి పంపుతారు. మూడోసారికి మా కుర్రాడికి పని వచ్చేస్తుంది. దీన్ని పాఠంలో ఏమన్నారు?

— ‘పొర్లుదల ప్రభావం’ అని రాశాను బాబాయ్.

— వద్దమ్మా, పొయ్యిమీద పాలు పొర్లితే ఎవరికీ దక్కవు. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది, అది రాయి. మధ్యలో కాలవ పూడిపోతే నీళ్ళు రావని కూడా రాయి.

— అలుగు బాగుంది! ఇంకో మాట కూడా సరిచూడమ్మా: ‘పెట్టుబడుల ఉపసంహరణ’. 2021 జనవరి 27న మన స్టీల్ ప్లాంటులో ప్రభుత్వ వాటా నూరు శాతం వదులుకోవడానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పుడు పేపర్లు ఈ మాటే వేశాయి. ఉపసంహరణ అంటే వేసినదాన్ని వెనక్కి తీసుకోవడం. ఇది వాటా అమ్మకం. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని గొంతెత్తిన ఊళ్ళో ఆ మాటను మెత్తబరిచి రాయడం నాకు కష్టంగా ఉంటుంది.

— సరే మాస్టారూ. ‘వాటా అమ్మకం’ అని దిద్దాను. ‘ప్రత్యక్ష పెట్టుబడి’ అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘అంటే, కంపెనీ అజమాయిషీలో చెయ్యి ఉండేలా పెట్టేది’ అని చేర్చాను. సాయంత్రం అబ్బాయికి మళ్ళీ చదివి వినిపిస్తాను.