లూజు చొక్కా, లూజైన ఆట: ఒక ‘ఓ’ ఉండాలా, రెండా?

ప్రశ్న: ఆటలో ఓడిపోయే అవకాశమున్నదని ఆంగ్లంలో వ్రాయవలసి వచ్చినప్పుడల్లా ‘లూజ్’ అనే మాటకు ఒక ‘ఓ’ వ్రాయాలా, రెండు వ్రాయాలా అనే సందేహం కలుగుతున్నది. వదులు అనే అర్థమున్న మాటా, ఓడిపోవడమనే అర్థమున్న మాటా ఒకేలా వినిపిస్తున్నప్పుడు తేడాను గుర్తుంచుకొనే మార్గమేదైనా ఉంటే పెద్దలు తెలుపగలరు.

సమాధానం: చిక్కంతా ‘ఒకేలా వినిపిస్తున్నప్పుడు’ అన్న మాటలోనే ఉన్నది. ఆంగ్లంలో ఆ రెండూ ఒకేలా వినిపించవు, మన చెవికి మాత్రమే అలా వినిపిస్తాయి. పోగొట్టుకోవడం, ఓడిపోవడం అనే అర్థాలున్న క్రియకు ఎల్-ఓ-ఎస్-ఇ అని ఒకే ‘ఓ’ ఉంటుంది; దానిని ‘లూజ్’ అని పలుకుతారు. వదులుగా ఉన్న అని చెప్పే విశేషణానికి ఎల్-ఓ-ఓ-ఎస్-ఇ అని రెండు ‘ఓ’లు ఉంటాయి, దానిని ‘లూస్’ అని సకారంతో పలుకుతారు. మనమేమో వదులైన చొక్కాను ‘లూజు చొక్కా’ అంటాము, మర వదులైతే ‘లూజయింది’ అంటాము. అంటే సకారంతో పలకవలసిన మాటను తెలుగులోకి తెచ్చుకొనేటప్పుడు జకారంతో తెచ్చుకొని, తెలియకుండానే దానికి ఓడిపోవడమనే అర్థమున్న మాట ఉచ్చారణను అంటగట్టాము. తెలుగు మాటగా ‘లూజు’ తప్పని నేను అనను. అరువు వచ్చిన మాట మన నోట మన తీరున నిలవడం సహజమే. ఆ ఉచ్చారణనే వెంటబెట్టుకొని తిరిగి ఆంగ్లంలోకి వెళ్లినప్పుడే ఇబ్బంది మొదలవుతుంది.

ఆంగ్లంలోని ఆ ధ్వని మనకు పలకరానిదేమీ కాదు. ‘రోజు’ అన్నప్పటి జకారాన్నీ ‘జీతం’ అన్నప్పటి జకారాన్నీ పక్కపక్కన పలికి చూడండి. మొదటిది దంత్యం, రెండవది తాలవ్యం. ఆంగ్లపు జెడ్ ధ్వనికి మన దంత్య జకారమే దగ్గరగా ఉంటుంది. దీనికి ౙ అనే ప్రత్యేక రూపమున్నా వాడుక వ్రాతలో రెండింటినీ ఒకే అక్షరంతో వ్రాస్తాము.

ఈ స-జ భేదం ఒక్క జంటకే పరిమితం కాదు కనుక, దాని తీరు తెలుసుకొంటే మరికొన్ని సందేహాలు కూడా తీరుతాయి. సలహా అనే నామవాచకం ‘అడ్వైస్’, దానికి చివర సి-ఇ వస్తుంది. సలహా ఇవ్వడమనే క్రియ ‘అడ్వైజ్’, దానికి ఎస్-ఇ వస్తుంది. ఉపయోగం ‘యూస్’, ఉపయోగించడం ‘యూజ్’. ఇక్కడ వర్ణక్రమం మారదు, పలుకు మాత్రమే మారుతుంది. ‘క్లోస్’ అంటే దగ్గరి, ‘క్లోజ్’ అంటే మూయడం. ఆ లెక్కన మనం తరచుగా చెప్పుకొనే ‘క్లోజ్ ఫ్రెండ్’ నిజానికి ‘క్లోస్ ఫ్రెండ్’ కావాలి. రుజువు ‘ప్రూఫ్’, రుజువు చేయడం ‘ప్రూవ్’ అన్న జంటలోనూ ఇదే పోకడ కనిపిస్తుంది. ప్రాచీన ఆంగ్లంలో రెండు అచ్చుల నడుమ పడిన సకార ఫకారాలు నాదం పొంది జకార వకారాల వలె వినిపించేవి. క్రియకు చివర ప్రత్యయంగా అచ్చు ఉండేది కనుక ఆ మార్పు క్రియలలో ఎక్కువగా జరిగింది; తరువాత ఆ అచ్చు రాలిపోయినా మారిన ధ్వని నిలిచిపోయింది. ఫ్రెంచి నుండి వచ్చిన జంటలు కూడా ఈ వరుసలోనే చేరాయి. అయితే దీనిని సూత్రమనుకొని అన్నిచోట్లా ప్రయోగించకూడదు: ‘ప్రామిస్’ క్రియ అయినా సకారంతోనే ముగుస్తుంది, ‘రైజ్’ నామవాచకమైనా జకారాన్ని వదలదు.

‘ప్రాక్టీస్’ విషయంలో చెవి సాయం చేయదు. బ్రిటిష్ పద్ధతిలో నామానికి సి, క్రియకు ఎస్ వ్రాస్తారు కాని రెండింటినీ ఒకేలా పలుకుతారు. అమెరికన్ పద్ధతిలో రెండింటికీ సి-యే. బ్రిటిష్ పద్ధతిలో వ్రాసేవారు ‘అడ్వైస్-అడ్వైజ్’ జంటను తలచుకొని అదే క్రమాన్ని ఇక్కడ పాటిస్తే సరిపోతుంది.

మన వాడుక వల్లనే వచ్చే మరొక పొరపాటు ‘ఎఫెక్ట్’. తెలుగులో ‘దాని ఎఫెక్ట్ పడింది’ అనీ అంటాము, ‘దానివల్ల ఎఫెక్ట్ అయ్యాడు’ అనీ అంటాము. మొదటి వాక్యంలో ఉన్నది ప్రభావం, అంటే నామవాచకం, కనుక ఇ-తో మొదలయ్యే మాట సరియైనది. రెండవ వాక్యాన్ని ఆంగ్లంలో వ్రాస్తే ఎ-తో మొదలయ్యే ‘అఫెక్ట్’ అనే క్రియ రావాలి. ఇ-తో మొదలయ్యే మాట కూడా అరుదుగా క్రియ అవుతుంది కాని, అప్పుడు దాని అర్థం ప్రభావం చూపడం కాదు, ఒక మార్పును సాధించి తేవడం.

మరొక సభ్యుని సందేహం: ‘చూజ్’ అనే క్రియకు రెండు ‘ఓ’లు ఉన్నాయి, పలికేది జకారమే. అటువంటప్పుడు ‘లూజ్’కు ఒకటే ఎందుకు?

సమాధానం: సరియైన చోటనే పట్టుకొన్నారు. ఆంగ్లం మాతృభాష అయినవారు కూడా ఈ మాటను తప్పు వ్రాయడానికి ‘చూజ్’తో ఉన్న పోలిక ఒక కారణమని నా ఊహ. ‘చూజ్’ భూతకాల రూపం ‘చోజ్’లో ఒక ‘ఓ’ తగ్గుతుంది. ‘లూజ్’ భూతకాల రూపం ‘లాస్ట్’, నష్టమనే నామవాచకం ‘లాస్’. ఈ రెండింటిలోనూ ఒకే ‘ఓ’ ఉన్నది కనుక, చేయి తడబడినప్పుడు ‘చూజ్’ను కాక ‘లాస్ట్’ను తలచుకొని వ్రాయండి.