భ్రమరకీటక న్యాయంలో ఉన్నది తుమ్మెదేనా?

మొన్న ఇక్కడ భ్రమరకీటక న్యాయానికి, అంటే దేన్ని ఎడతెగక ధ్యానిస్తే దానిలాగే మారిపోతామని చెప్పే పోలికకు, అర్థం చెబుతూ, తుమ్మెద ఒక పురుగును గూట్లో పెట్టి చుట్టూ రొద చేస్తే అది కూడా తుమ్మెద అవుతుందని రాశారు. చాలా చోట్ల ఇలాగే చెబుతారు. నాకు మాత్రం ఆ తుమ్మెద దగ్గరే పేచీ.

మాది కడప జిల్లా, ప్రొద్దుటూరు వైపు పల్లె. మా వసారా దూలానికి తుమ్మెదలు ఏటా బెజ్జాలు పెడతాయి. కింద అరుగు మీద రంపపు పొట్టు రాలుతుంది. పిల్లల కోసం అవి దాచేది పుప్పొడి, తేనె. పురుగును మోసుకొచ్చే తుమ్మెద లేదు.

పురుగును తెచ్చేది కందిరీగ. ఉగాది దాటి వేపపూత రాలే రోజుల్లో మా ఊళ్లో తడి నేల కనబడేది గేదెల తొట్టి పక్కనే. తొట్టి అంచున పికిలిపిట్టలు నీళ్లు తాగుతుంటే, కింద సన్న నడుము కందిరీగ మట్టిని ఉండ చేసి ఎత్తుకెళ్తుంది. మా గోడ మీద ఒకటి రేగుపండంత కుండ కట్టింది. దానికి చెంబుకు ఉన్నట్టే అంచు తిరిగిన మూతి! అందులోకి పచ్చని గొంగళిపురుగులను ఒక్కొక్కటే దించి, మూతి పూడ్చేసింది.

పోయిన ఏడాది సున్నం కొడుతుంటే అలాంటి కుండ ఒకటి పగిలింది. లోపల ఐదు పురుగులు. పుల్లతో తాకితే కొద్దిగా మెదిలాయి, పాకలేకపోయాయి. కందిరీగ కుట్టి వాటిని కదలనివ్వకుండా చేస్తుంది. ప్రాణం ఉంటుంది కాబట్టి కుళ్లవు. కుండ లోపలి కప్పు నుంచి సన్నని పోగుకు ఒక గుడ్డు వేలాడుతోంది. దాంట్లోంచి వచ్చిన పిల్లకు ఆ పురుగులే తిండి. పక్కనున్న కుండకు మూడు వారాల తర్వాత బెజ్జం పడి, కొత్త కందిరీగ బయటికి వచ్చింది.

లోపలికి పోయింది పురుగు, బయటికి వచ్చింది కందిరీగ. గోడ దగ్గర నిలబడి చూసేవారికి ఈ రెండే కనిపిస్తాయి. కదలక మెదలక పడి ఉన్న పురుగును చూసి, ధ్యానంలో ఉందనుకోవడం కూడా సహజమే.

సంస్కృత భాగవతం 7వ స్కంధంలో ఈ పోలిక 'కీటః పేశస్కృతా రుద్ధః కుడ్యాయాం' అని మొదలవుతుంది. కుడ్యం అంటే గోడ. పేశస్కృత్తు అంటే రూపం తీర్చేది. ఆ శ్లోకంలో భ్రమరం అనే మాటే లేదు. రాసినవారు గోడ మీది మట్టిగూటిని కళ్లారా చూశారని నా నమ్మకం. ఇక భ్రమరం 'భ్రమ్' ధాతువు నుంచి వచ్చింది, తిరుగుతూ ఉండేది అని అర్థం. వాడుకలో అది తుమ్మెదకు స్థిరపడిపోయింది, దాంతో న్యాయంలోకి కూడా తుమ్మెద వచ్చి చేరింది.

వ్యాఖ్య: బాగా చెప్పారండీ. కుండ కడుతుంది కాబట్టి కుమ్మరి పురుగు అంటే ఇదేనా?

జవాబు: కాదండీ. కుమ్మరి పురుగు బురదలోనే బతుకుతుంది, అయినా దానికి బురద అంటదు. సంసారంలో ఉంటూ అంటకుండా ఉండేవారిని దానితో పోలుస్తారు. ఇది వేరు, మట్టిని కావాలని నోటితో మోస్తుంది. మా ఇంట్లో దీన్ని వట్టి కందిరీగ అనే అంటాం. మీ వైపు ప్రత్యేకంగా పేరు ఉంటే, ఏ ఊరి మాటో కూడా చేర్చి రాయండి.