గడ్డం కింద వేలాడే చర్మానికి సర్జరీ: చేయించుకున్నవాళ్ళు ఉంటే చెప్పండి

పద్మ, రాజమండ్రి:

నాకు 57 ఏళ్ళు. మూడేళ్ళ క్రితం బరువు తగ్గడానికి చేసే బేరియాట్రిక్ ఆపరేషన్ చేయించుకుని 96 కిలోల నుంచి 64కి వచ్చాను. మెట్లెక్కితే ఆయాసం లేదు, సుగర్ మందు సగమైంది. ఆ సంతోషమంతా అద్దం ముందుకొచ్చేసరికి ఆగిపోతోంది. గడ్డం కింద చర్మం ఆవుకి గంగడోలులా వేలాడుతోంది. బుగ్గలు దవడ కిందికి జారాయి. మొన్న మా మరిది మనవడి అన్నప్రాసన వీడియో చూశాను. నేను తల తిప్పినప్పుడల్లా అది నాకంటే ఒక క్షణం ఆలస్యంగా తిరుగుతోంది.

హైదరాబాదులో ఒకచోట అడిగాం. ముఖం, మెడ రెండూ కలిపి లిఫ్ట్ చేయాలన్నారు. డాక్టరు పది నిమిషాలు కూడా మాట్లాడలేదు, తర్వాత అంతా కౌన్సెలర్ అమ్మాయే. "వారంలో మామూలైపోతారు ఆంటీ" అంది. నాకు బీపీ ఉంది, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎకోస్ప్రిన్ మాత్ర కూడా రోజూ వేసుకుంటాను. మాఘంలో మా చిన్నమ్మాయి పెళ్ళి, అంటే ఇంకా నాలుగు నెలలు. నొప్పి ఎంత, మచ్చలు ఎక్కడ పడతాయి, పెళ్ళికి బుట్టలు పెట్టుకోగలనా? ఉన్నదున్నట్టు చెప్పండి. "ఈ వయసులో ఎందుకు" అనే సలహా మాత్రం వద్దు, అది మా ఇంట్లో ఉచితంగా దొరుకుతోంది.

ఇందిర, కూకట్‌పల్లి:

పద్మగారూ, నేను 2022లో చేయించుకున్నాను, అప్పటికి నాకు 61. బ్యాంకు క్యాషియర్‌గా రిటైరైనదాన్ని, లెక్క ప్రకారమే చెప్తాను.

వారం మాట మర్చిపోండి. వారానికి కూర్చుని టీవీ చూడగలరు, అంతే. నాకు నాలుగున్నర గంటలు పట్టింది, పూర్తి మత్తులోనే చేశారు. లేచేసరికి తల చుట్టూ కట్టు, లోపల చేరే రక్తం బయటికి రావడానికి చెవుల వెనక రెండు సన్నటి గొట్టాలు. అవి మర్నాడు తీసేశారు. నొప్పి నేను భయపడినంత లేదు, మాత్రలకి లొంగింది. బిగువు సంగతే ఎవరూ చెప్పరు. చిన్న సైజు జాకెట్టు తెచ్చి మెడకి హుక్కులు పెట్టేసినట్టు ఉంటుంది, ప్రతి గుటకకీ తెలుస్తుంది. మూడోరోజుకి వాపు ముదిరింది. నా మనవరాలు గుమ్మంలోంచి తొంగిచూసి లోపలికి రానంది. కమిలిన రంగు ఊదా నుంచి ఆకుపచ్చకి, తర్వాత పసుపుకి మారుతూ రోజూ కొంచెం కిందికి దిగింది. పదోరోజుకి గొలుసు లాకెట్ పడే చోటికి చేరింది. కుట్లు చెవి ముందువి ఆరోరోజు, వెనకవి పదోరోజు తీశారు. తల ఎత్తులో పెట్టి వెల్లకిలా పడుకోవాలి, వంగకూడదు. తినడానికి జావ, మెత్తటి పప్పన్నం. మూడు వారాలకి గుడికి వెళ్ళగలిగాను. నవ్వితే నాది కానట్టు ఉండటం తగ్గడానికి మాత్రం మూడు నెలలు పట్టింది.

కోత గీత కణత దగ్గర జుట్టులో మొదలై, చెవి ముందు మడతలో దిగి, తమ్మె చుట్టూ తిరిగి, వెనక నుంచి మళ్ళీ జుట్టులోకి పోతుంది. గడ్డం కింద ఇంకో చిన్నది. ముందువి ఏడాదికి వెతికితేగానీ కనపడనంత సన్నబడ్డాయి. ఎడమ చెవి వెనకది ఉబ్బి, దురదపెట్టి, రెండు ఇంజెక్షన్లు చేయించుకుంటేగానీ అణగలేదు. చెవులు కుట్టించుకున్నచోట చర్మం ఉబ్బి గడ్డలా పెరిగే గుణం మీకుగానీ, మీ పుట్టింట్లోగానీ ఉంటే ముందే చెప్పండి.

ఇక చెవులు. మొద్దుబారిపోతాయి. తొమ్మిదో వారంలో దిద్దులు పెట్టుకుంటూ శీల రంధ్రంలో కాకుండా పక్కన గుచ్చాను. ఏమీ తెలియలేదు. జాకెట్టు భుజం మీద ఎర్రచుక్క చూశాకే తెలిసింది. ఫోను చెవికి ఆనిందో లేదో కూడా తెలియక అన్నీ స్పీకర్లోనే మాట్లాడేదాన్ని, మా కోడలికి పాపం అన్ని రహస్యాలూ తెలిసిపోయాయి. ఎనిమిది నెలలకి స్పర్శ వచ్చింది. నాలుగు నెలలకి తేలిక దిద్దులు పెట్టుకోవచ్చేమోగానీ, బరువు బుట్టలైతే నేను పెట్టను.

పై పెదవి మీది సన్నగీతలు, మంగు మచ్చలు, కళ్ళ కింద సంచులు అలాగే ఉన్నాయి. జారినదాన్ని ఎత్తి కడతారు, అంతే. ఆ సంగతి నాకు ఇంటికొచ్చాక అర్థమై రెండు రోజులు కోపంగా ఉన్నాను.

కాస్మెటిక్ కాబట్టి ఇన్సూరెన్స్ రాదు, పైగా 18 శాతం జీఎస్టీ. నాకిచ్చిన కొటేషన్లో మత్తు డాక్టరు ఫీజే లేదు, డిశ్చార్జి రోజున బయటపడింది. అన్నీ కలిపి ఎంతో రాసిమ్మనండి. జుట్టుకి రంగు వేసే అలవాటుంటే ముందు వారమే వేసేసుకోండి, తర్వాత నెల దాటినా వేయనివ్వరు.

మూర్తి, విశాఖ:

మగవాళ్ళూ చేయించుకుంటారని ఒకరు చెప్పాలి కదా, నేను చెప్తున్నాను. నాకు 59. బీపీ ఉందని తెలుసు, ఆపరేషన్ రోజు ఉదయం టెన్షన్లో మాత్ర వేసుకున్నానో లేదో గుర్తులేదు. రాత్రి తొమ్మిదింటికి కుడి చెంప రాయిలా బిగుసుకుని, ఆ ఒక్క వైపే నొప్పి పెరుగుతూ పోయింది. లోపల రక్తం గడ్డకట్టింది. అప్పటికప్పుడు థియేటర్‌కి తీసుకెళ్ళి కుట్లు విప్పి తీసేశారు. గడ్డం వచ్చే చర్మానికి రక్తం ఎక్కువ కాబట్టి మగవాళ్ళకిది ఎక్కువట. ఒకే వైపు వాపు, నొప్పి పెరిగితే తెల్లారేదాకా ఆగకండి.

ఇంకో సంగతి. చర్మం వెనక్కి జరిగేసరికి గడ్డం వెంట్రుకలు చెవి దాకా వచ్చాయి. ఇప్పుడు తమ్మె వెనక కూడా షేవింగ్ చేసుకుంటున్నాను. మంగలి ఏమీ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మత్తు డాక్టరు, కర్నూలు:

అమ్మా, ఇక్కడ చదివి ఎకోస్ప్రిన్ మీ అంతట మీరు ఆపకండి. అది ఎందుకు రాశారన్నదే ముఖ్యం. గుండెలో స్టెంట్ ఉంటే ఒక లెక్క, ఊరికే జాగ్రత్త కోసమైతే ఇంకో లెక్క. రాసిన డాక్టరూ సర్జనూ మాట్లాడుకుని తేల్చాలి. బీపీ మందుల్లో ఆపరేషన్ ఉదయం వేటిని వేసుకోవాలో మత్తు డాక్టరుని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఇంట్లో ఎవరైనా సిగరెట్ కాలుస్తుంటే ఆ పొగకి దూరంగా ఉండండి. చెవి వెనక చర్మానికి రక్తం అసలే తక్కువ అందుతుంది, పొగ తగిలితే అక్కడ నల్లబడి ఊడే ప్రమాదం ఉంది.

చర్మం ఒక్కటే లాగి కుడతారా, లోపలి పొర కూడా బిగిస్తారా అని సర్జన్‌ని అడగండి. ముఖంలో చర్మం కింద స్మాస్ అనే పొర ఉంటుంది, 1976లో మిట్జ్, పెరోనీ అనే ఫ్రెంచి డాక్టర్లు దాన్ని వివరించారు. బరువు మోయాల్సింది అదీ, మెడలో ప్లాటిస్మా కండరమూ. చర్మం మీదే భారం వేస్తే మచ్చ వెడల్పవుతుంది, తమ్మె కిందికి సాగుతుంది. చేసేవాళ్ళు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ అనే పై డిగ్రీ చేసినవాళ్ళో కాదో, రాత్రి ఎవరుంటారో కూడా అడగండి.

మీ విషయంలో అన్నిటికంటే ముందు చూడాల్సింది వేరే ఉంది. బేరియాట్రిక్ అయినవాళ్ళకి ఐరన్, బీ12, ప్రొటీన్ తగ్గుతుంటాయి. అవి తక్కువుంటే గాయం మానదు. ఏ సర్జన్ దగ్గరికి వెళ్ళేముందైనా ఆ పరీక్షలు చేయించుకోండి.

ఇందిర, కూకట్‌పల్లి:

పెళ్ళి సంగతి మర్చిపోయాను. నాలుగు నెలలకి బయటికి బాగానే కనపడతారు. కానీ పెళ్ళికూతురి తల్లి మీరు. వచ్చిన ప్రతి చుట్టమూ బుగ్గలు పట్టుకుంటుంది. నేనైతే పెళ్ళయ్యాకే చేయించుకుంటాను.

పద్మ, రాజమండ్రి:

అందరికీ నమస్కారం. డాక్టరుగారు చెప్పినట్టు నిన్న రక్తపరీక్ష చేయించాను. హీమోగ్లోబిన్ 9.4. ఐరన్ బాగా తక్కువుందట. ఇంజెక్షన్లు ఎక్కించాలంటున్నారు మా ఫిజీషియన్. ఇన్నాళ్ళూ పెళ్ళి పనులకి అలసటొస్తోందనుకున్నాను. ఆ కౌన్సెలర్ అమ్మాయి ఈ ఉదయం కూడా ఫోన్ చేసింది, దీపావళి ఆఫర్ అంటోంది. మాఘం దాటాక చేస్తానని పెట్టేశాను. మూర్తిగారూ, మీకు మళ్ళీ కుట్లు విప్పినప్పుడు ఆ వైపు మచ్చ తేడాగా వచ్చిందా? అదొక్కటి చెప్పండి.

మూర్తి, విశాఖ:

లేదండి. రెండు వైపులా ఒకేలా ఉంది. కుడివైపు గట్టితనం మాత్రం ఇంకో రెండు నెలలు ఎక్కువ ఉంది.