మిథ్యా ప్రతిబింబంలో మిథ్య ఎంత?

ప్రశ్న: పుటాకార దర్పణం (లోపలికి వంగిన అద్దం) పాఠం చెప్పేటప్పుడు ఏటా ఒకే చోట ఆగిపోతున్నాను. ‘మిథ్యా ప్రతిబింబం’ (ఇంగ్లిషులో virtual image) అనగానే పిల్లలు దాన్ని లేనిదిగా, కళ్ల భ్రమగా రాసేస్తున్నారు. హిందీలో ‘ఆభాసీ ప్రతిబింబ్’ అంటారు కదా, మనమూ ‘ఆభాస ప్రతిబింబం’ అంటే మేలు కాదా?

జవాబు: మీ ఇబ్బంది అర్థమైంది కానీ ఆ మార్పు మాత్రం వద్దంటాను. సంస్కృతంలో ఆభాస అంటే పైకి అలా తోచడం; అర్థం చక్కగానే అతుకుతుంది. తెలుగులో ఆ మాట దారి మళ్లింది. సభ రసాభాస అయిందంటాం, ఫలానావారు అభాసు పాలయ్యారంటాం. పిల్లల చెవికి అందులో గందరగోళం, నగుబాటు వినిపిస్తాయి. దానికంటే మిథ్యే నయం.

పైగా మిథ్య అంటే వట్టి అబద్ధమే కానక్కరలేదు. అద్వైతులు ఈ మాటను ఎంతో ఆచితూచి వాడారు. కుందేటి కొమ్ము ఎవరికీ ఎన్నడూ కనబడదు, అది అసత్తు. తాడులో తోచిన పాము కనబడుతుంది, భయపెడుతుంది, దీపం తెస్తే పోతుంది. ఉందనీ లేదనీ తేల్చలేని ఇలాంటి దాన్ని మిథ్య అన్నారు. అద్దంలోని ముఖం ఇంకా విచిత్రం: విషయం తెలిసినా పోదు, అద్దం ఉన్నంతసేపూ కనబడుతూనే ఉంటుంది. వేదాంతులు దీన్ని సోపాధిక భ్రమ, అంటే అద్దం లాంటి ఉపాధి (ఆధారం) ఉన్నంతసేపూ నిలిచే భ్రమ, అని వేరుగా గుర్తించారు. నాకు వారి చూపు మీద ఎంత గౌరవమో చెప్పలేను. అయినా భౌతికశాస్త్రంలో దీన్ని భ్రమ అనడానికి కూడా నాకు మనసొప్పదు. ఎందుకో లెక్కలో చూడండి.

నాభ్యంతరం (దూరం నుంచి సమాంతరంగా వచ్చిన కిరణాలు కలిసే చోటికి దర్పణం నుంచి ఉన్న దూరం) 20 సెంటీమీటర్లు ఉన్న పుటాకార దర్పణం ముందు 30 సెంటీమీటర్ల దూరంలో కొవ్వొత్తి పెడితే, దర్పణం ముందే 60 సెంటీమీటర్ల దగ్గర రెట్టింపు పరిమాణంలో తలకిందుల ప్రతిబింబం ఏర్పడుతుంది. అదే కొవ్వొత్తిని 10 సెంటీమీటర్లకు జరిపితే మళ్లీ రెట్టింపే, కానీ నిటారుగా, దర్పణానికి వెనక 20 సెంటీమీటర్ల దగ్గర. దర్పణం మారలేదు, సూత్రం మారలేదు. మొదటిసారి పరావర్తన కిరణాలు నిజంగా ఒకచోట కలిశాయి. రెండోసారి అవి విడిపోతూ వచ్చాయి. వెనక్కి పొడిగిస్తే అక్కడ కలిసినట్టు లెక్క తేలుతుంది. మిథ్య అయినది ఆ కలయిక ఒక్కటే! కంటిలోకి వచ్చిన కాంతి నిజం, రెటీనా మీద పడిన ప్రతిబింబం నిజం. కెమెరాతో ఫొటో కూడా తీయవచ్చు.

కాబట్టి పిల్లలకు ‘మిథ్యా సంగమం’ అని ఒకసారి విడమరచి చెప్పి, ఆ తర్వాత పాత పేరే వాడండి.

అన్నట్టు, ‘మిథ్య ప్రతిబింబం’ అని హ్రస్వంతో రాస్తున్నవారు చాలామంది కనబడుతున్నారు. మిథ్యా సంస్కృతంలో అవ్యయం, అంటే రూపం మారని మాట. తెలుగులో విడిగా మిథ్య అంటాం కానీ సమాసంలో మిథ్యావాదం, మిథ్యాజ్ఞానం లాగా దీర్ఘం నిలవాలి.

మరొకరు: ఇంత దూరం ఎందుకు? తెర మీద పడేది నిజ ప్రతిబింబం, పడనిది మిథ్యా ప్రతిబింబం. నిర్వచనం అయిపోయింది కదండీ?

జవాబు: అది పరీక్షే కానీ నిర్వచనం కాదండీ. పై ఉదాహరణలో 60 సెంటీమీటర్ల దగ్గర తెర తీసేయండి. ప్రతిబింబం ఎక్కడికీ పోదు. కన్ను ఇంకా వెనక్కి, మీటరు దూరానికి జరిపి దర్పణం వైపు చూస్తే తలకిందుల జ్వాల గాలిలో నిలిచి కనబడుతుంది. కిరణాలు అక్కడ కలిసి, దాటి, విడిపోతూ మన కంటికి చేరుతున్నాయి. తెర చేసేదల్లా ఆ కాంతిని అన్ని వైపులా వెదజల్లడం. అందుకే తరగతిలో తెరతో ఒకసారి చూపించాక, తెర లేకుండా కూడా ఒకసారి తప్పకుండా చూపించమంటాను.